ఎకో చూస్తూ తాత్కాలిక పేస్‌మేకర్ తీగ వేయడం: మంచం పక్కన మొదటి నుంచి చివరిదాకా

జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో ఎకో యంత్రం (ధ్వని తరంగాలతో గుండెను చూపించేది) ఉంటుంది, క్యాథ్‌ల్యాబ్ (ఎక్స్‌రే తెర మీద చూస్తూ గుండెలోకి తీగలు పంపే గది) చాలాచోట్ల ఉండదు. కంప్లీట్ హార్ట్ బ్లాక్‌తో (గుండె పై గదుల విద్యుత్తు కింది గదులకు అసలు చేరకపోవడంతో) నాడి 28కి పడిపోయిన మనిషిని అంబులెన్సు ఎక్కించి రెండు గంటల ప్రయాణానికి పంపాలా, ఉన్నచోటే గుండెలోకి దాన్ని విద్యుత్తుతో కొట్టించే (పేసింగ్) తీగ వేసి పంపాలా అన్న ప్రశ్న అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు నెత్తిన పడుతుంది. ఎక్స్‌రే తెర లేకపోతే ఇది గుడ్డిగా చేయాల్సిన పనేనని చాలాకాలం అనుకున్నాం. తీగను తోస్తూ పోవడం, ఈసీజీ మారుతుందేమోనని మానిటర్ వైపు చూడటం, మారకపోతే వెనక్కి లాగి మళ్లీ తోయడం. రొమ్ము ఎముక కింద ఎకో ప్రోబ్ ఆనించి చూస్తూ వేస్తే ఆ గుడ్డితనం చాలావరకు పోతుంది.

కానీ ఎకో కూడా ఒక మోసం చేస్తుంది. తెర మీద తీగ కనిపించగానే అది చేరాల్సిన చోటికి చేరిందని మనసు నమ్మేస్తుంది. మనకు కనిపించింది తీగ నడుము కావచ్చు, కొన ఇంకెక్కడో ఉండవచ్చు. ఈ వ్యాసంలో చెప్పేవి చాలా ఉన్నా అన్నీ ఆ కొన చుట్టూనే తిరుగుతాయి.

అత్యవసర విభాగాల్లో, ఐసీయూల్లో రాత్రి డ్యూటీలు చేసే యువ వైద్యులను, ఎకో పట్టుకునే టెక్నీషియన్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మొదటి కొన్ని కేసులు చేయి తిరిగినవారి పక్కన నిలబడే చేయాలి. చదివినంత మాత్రాన ఈ పని రాదు. చదివి ఉంటే, పక్కన నిలబడి చూస్తున్నప్పుడు త్వరగా అర్థమవుతుంది.

తీగ నిజంగా కావాలా?

నాడి నెమ్మదిగా ఉందన్న ఒక్క కారణంతో ఎవరికీ తీగ వేయకూడదు. రక్తపోటు పడిపోవడం, మగత, ఛాతీ నొప్పి, ఊపిరితిత్తుల్లో నీరు, పదే పదే స్పృహ తప్పడం, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. మొదట అట్రోపిన్ 1 మి.గ్రా. సిరలోకి ఇస్తాం. 3 నుంచి 5 నిమిషాలకోసారి చొప్పున మొత్తం 3 మి.గ్రా. దాకా వెళ్లవచ్చు. క్యూఆర్‌ఎస్ (ఈసీజీలో కింది గదుల స్పందన చూపే గీత) వెడల్పుగా ఉన్న బ్లాకుల్లో లోపం సాధారణంగా ఏవీ నోడ్ (పై, కింది గదుల మధ్య విద్యుత్తు దాటే చోటు) కిందే ఉంటుంది కాబట్టి అట్రోపిన్ తరచూ పనిచేయదు. అప్పుడు దాని కోసం కాలం పోగొట్టుకోకుండా అడ్రినలిన్ నిమిషానికి 2 నుంచి 10 మైక్రోగ్రాముల చొప్పున, లేదా డోపమిన్ కిలో బరువుకు నిమిషానికి 5 నుంచి 20 మైక్రోగ్రాముల చొప్పున మొదలుపెట్టాలి. ఛాతీకి అతికించే పేసింగ్ ప్యాడ్లు ఉంటే అవీ పెట్టాలి. ఇవన్నీ తీగ వేసేదాకా మనిషిని నిలబెట్టే వంతెనలు.

ఈలోగా కారణం వెతకండి. డయాలసిస్ మానేసిన కిడ్నీ రోగి అయితే పొటాషియం చూడకుండా తీగ పట్టుకోవద్దు. పొటాషియం బాగా పెరిగిన గుండె కండరం తీగ కుదురుగా కూర్చున్నా స్పందించకపోవచ్చు, కాల్షియం, ఇన్సులిన్ ఇచ్చాక అసలు తీగే అవసరం పడకపోవచ్చు. గుండె కింది గోడకు గుండెపోటు వచ్చి బ్లాక్ ఏర్పడితే, మూసుకున్న రక్తనాళం తెరుచుకున్నాక అది చాలామందిలో సర్దుకుంటుంది.

మన పల్లెల్లో పచ్చగన్నేరు గింజలు తిని వచ్చేవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. వాటి విషం డిజాక్సిన్ జాతికి చెందినది. నాడిని పడగొడుతూనే గుండె కండరాన్ని చిరాకు పెడుతుంది. అలాంటి గుండెలో తీగ గోడను తాకగానే ప్రాణాంతకమైన లయ మొదలవవచ్చు. డిజాక్సిన్ విరుగుడు యాంటీబాడీలు దొరికే చోటుంటే ముందు ఆ దారి చూడాలి. తీగ తప్పదనుకుంటే డీఫిబ్రిలేటర్ ప్యాడ్లు ఒంటికి అతికించాకే చేయి వేయాలి. ఇక కుడివైపు పై, కింది గదుల మధ్య ఉండే ట్రైకస్పిడ్ స్థానంలో లోహపు కవాటం ఉన్నవారికి దాని గుండా తీగ దాటించకూడదు.

ముందే ఒకసారి ఎకో

తొందరలో అందరూ వదిలేసే మెట్టు ఇది. ప్యాకెట్ విప్పకముందే రెండు నిమిషాలు ఎకో చూసి, క్లిప్పులు యంత్రంలో దాచండి. అన్నిటికంటే ముందు గుండె చుట్టూ ద్రవం ఉందా లేదా చూడాలి. తీగ వేశాక సన్నటి నల్లటి గీత కనిపిస్తే, అది పాతదా, మనం చేసిన రంధ్రం వల్ల వచ్చిందా అని తేల్చేది ఆ మొదటి క్లిప్పే. అది లేకపోతే తెల్లవార్లూ ఊహల మీద నడవాల్సి వస్తుంది.

ఆ తర్వాత కుడి గదుల్లో గడ్డలు, కవాటం మీద ఇన్‌ఫెక్షన్ పెరుగుదలలు, ట్రైకస్పిడ్ లీకు ఎంత అన్నవి చూడండి. లీకు తీవ్రంగా ఉంటే తీగ కొన దగ్గరి బెలూన్ ఒక పట్టాన కవాటం దాటదు, ప్రతి స్పందనకూ వెనక్కి కొట్టుకొస్తుంది. కుడి జఠరికలో (కింది గదిలో) అడ్డంగా ఉండే కండరపు పట్టీ అయిన మోడరేటర్ బ్యాండ్‌ను, కుడి కర్ణికలో (పై గదిలో) తెల్లటి పోగులా ఊగే యూస్టేకియన్ కవాటాన్ని కూడా ఇప్పుడే గుర్తుపెట్టుకోవాలి. తర్వాత ఇవే తీగలా కనిపించి ఏమారుస్తాయి.

రొమ్ము ఎముక కింద నుంచి చూడటం

పనంతా దాదాపు ఈ ఒక్క కిటికీ నుంచే నడుస్తుంది. రోగి వెల్లకిలా పడుకుని, మోకాళ్లు కొద్దిగా మడిస్తే పొట్ట కండరాలు వదులవుతాయి. గుండెకు వాడే ప్రోబ్‌ను రొమ్ము ఎముక కొసకు కాస్త కిందగా, దాదాపు చర్మానికి సమాంతరంగా పడుకోబెట్టాలి. పెన్ను పట్టుకున్నట్టు పడితే కుదరదు. అరచేయి ప్రోబ్ మీద ఉండేలా, మూత మూసినట్టు పట్టుకోవాలి. ప్రోబ్ మీది గుర్తు రోగి ఎడమ వైపుకు ఉండాలి. బాగా జెల్ వేయండి. తెర పైభాగంలో కాలేయం, దాన్ని ఆనుకుని కుడి జఠరిక, దానికి ఎడమ పక్కన కుడి కర్ణిక, వాటి మధ్య ట్రైకస్పిడ్ కవాటం కనిపిస్తాయి. ప్రోబ్‌ను అక్కడే ఉంచి అపసవ్య దిశలో తొంభై డిగ్రీలు తిప్పితే కింది మహాసిర కుడి కర్ణికలోకి చేరే చోటు కనిపిస్తుంది. ఈ రెండు దృశ్యాల మధ్య కళ్లు మూసుకున్నా తిరగగలిగేంత అలవాటు చేసుకోవాలి.

పొట్ట ఉబ్బినవారిలో, భారీకాయుల్లో ఈ కిటికీ తెరుచుకోకపోవచ్చు. అప్పుడు గుండె మొన దగ్గర నుంచి నాలుగు గదులూ చూసే దృశ్యాన్ని కొంచెం కుడి జఠరిక వైపు జరిపి వాడుకోవచ్చు.

సామాను, మనుషులు

5 ఫ్రెంచ్ (మందం కొలత) బెలూన్ తీగ, దానికి సరిపడే 6 ఫ్రెంచ్ షీత్ (సిరలో ఉంచి తీగను లోపలికి పంపే గొట్టం), తీగ మీద తొడిగే పొడవాటి ప్లాస్టిక్ తొడుగు, పేసింగ్ పెట్టె, దానికి తీగలు. పెట్టెకు కొత్త బ్యాటరీ వేయండి. పాత బ్యాటరీ లెక్కకు పనిచేస్తున్నట్టే కనిపించి సరిగ్గా అవసరానికి ఆగిపోతుంది. బెలూన్ లేని గట్టి తీగలు కూడా ఉంటాయి. ఎకోలో కనిపించినా వాటితో గోడకు రంధ్రం పడే భయం ఎక్కువ. నాకు చేతనైనంతవరకు వాటిని ఎకోతో వాడను.

ముగ్గురు మనుషులు కావాలి. తల దగ్గర నిలబడి తీగ వేసేవారు ఒకరు, రోగి కుడిపక్కన నిలబడి ప్రోబ్ పట్టుకునేవారు ఒకరు, పెట్టెనూ మానిటర్‌నూ మందులనూ చూసే సిస్టర్ ఒకరు. ఎకో యంత్రాన్ని రోగి ఎడమ నడుము దగ్గర పెడితే తల దగ్గర ఉన్నవారికి తెర సూటిగా కనిపిస్తుంది. ప్రోబ్ పట్టినవారు స్టెరైల్ గుడ్డ కింద నుంచి చేయి పోనిస్తే మెడ దగ్గరి శుభ్రత చెడదు. ఒక్కరే అన్నీ చేయాలని చూస్తే సరిగ్గా తీగ కవాటం దాటే క్షణంలో చేయి జారి చిత్రం మాయమవుతుంది.

సిర దొరకడం

మెడలోని కుడి జుగ్యులర్ సిరే మొదటి ఎంపిక. అక్కడి నుంచి కుడి జఠరికకు దారి దాదాపు నిటారుగా ఉంటుంది. ఎడమ భుజం వైపు సిరను వీలైనంతవరకు ముట్టుకోవద్దు, రేపు శాశ్వత పేస్‌మేకర్ పెట్టేది సాధారణంగా ఆ వైపే. తొడ దగ్గరి నుంచి వేయవచ్చు గానీ ఆ మలుపులు ఎక్స్‌రే లేకుండా కష్టం.

ఇక్కడ ప్రోబ్ మారుతుంది. రక్తనాళాలకు వాడే లీనియర్ ప్రోబ్‌తో మెడ మీద అడ్డంగా చూస్తే రెండు నల్లటి వృత్తాలు కనిపిస్తాయి. నొక్కితే చదునైపోయేది సిర, గుండ్రంగా నిలిచి కొట్టుకునేది ధమని. ఊపిరితిత్తుల్లో నీరు లేకపోతే తల వైపు కొద్దిగా దించితే సిర ఉబ్బుతుంది. తిమ్మిరి మందు లిగ్నోకెయిన్ ఇచ్చి, సూది కొనను తెర మీద చూస్తూనే సిరలోకి పోనివ్వండి. ఇక్కడా అదే నియమం. మెరిసే చుక్క కనిపించగానే అది సూది కొన అనుకోవద్దు. ప్రోబ్‌ను కొంచెం ముందుకు జరిపితే చుక్క మాయమవ్వాలి. మాయమవకపోతే కొన ఇంకా లోపలికి వెళ్లిందన్నమాట.

గైడ్‌వైర్ (దారి చూపే సన్నటి తీగ) వేశాక, రంధ్రం వెడల్పు చేసే ముందు ఆగండి. ప్రోబ్‌ను నిలువుగా తిప్పి గైడ్‌వైర్ సిరలోనే ఉందని చూడండి. రొమ్ము ఎముక కింద పట్టుకున్నవారిని కుడి కర్ణికలో గైడ్‌వైర్ కనిపిస్తోందా అని అడగండి. ధమనిలోకి సన్నటి సూది వెళితే తీసి నొక్కి పట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. పొరపాటున రంధ్రం వెడల్పు చేసే డైలేటర్ ధమనిలోకి పోతే శస్త్రచికిత్సదాకా వెళ్లవచ్చు. షీత్ పెట్టాక దాని పక్క గొట్టం నుంచి 10 మి.లీ. సెలైన్ వేగంగా తోస్తే, రెండు సెకన్లలోపే కుడి కర్ణికలో తెల్లటి బుడగల వాన కనిపించాలి.

ఇక్కడ ఒక చిన్న విడ్డూరం. సూది, దాని వెంట గైడ్‌వైర్, దాని మీదుగా గొట్టం అనే పద్ధతిని స్టాక్‌హోమ్‌లో సెల్డింగర్ 1953లో ప్రచురించాడు. అదే ఏడాది అదే స్వీడన్‌లో లుండ్ నగరంలో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు లోహాల్లో లోపాలు వెతికే యంత్రంతో గుండె కదలికలను నమోదు చేశారు, ఎకో పుట్టింది అలాగే. శరీరంలో పూర్తిగా అమర్చిన మొదటి పేస్‌మేకర్ కూడా 1958లో స్టాక్‌హోమ్‌లోనే. సిరగుండా తీగ పంపి గుండెను నడిపించడం మాత్రం అదే 1958లో న్యూయార్క్‌లో సేమూర్ ఫర్మన్ చేసి చూపించాడు. ఆ నాలుగూ మన చేతిలోని ఒక్క ట్రేలోకి వచ్చి చేరాయి.

తీగను పంపడం

బెలూన్‌ను ముందు సెలైన్ గిన్నెలో ముంచి ఊదండి, బుడగలు వస్తే ఆ తీగ పక్కన పెట్టండి. ఎంత గాలి పట్టాలో ప్యాకెట్ మీద ఉంటుంది, సాధారణంగా 1 నుంచి 1.5 మి.లీ. గాలి దించి, ప్లాస్టిక్ తొడుగులోంచి తీగను పోనిచ్చి, రెండో చివర సిస్టర్‌కు అందించండి. కొన వైపు ఎలక్ట్రోడ్ పెట్టెలో నెగటివ్‌కు, దాని వెనకది పాజిటివ్‌కు. నాడి సొంతంగా ఎంత కొడుతోందో దానికి పది, ఇరవై ఎక్కువగా రేటు, 5 నుంచి 10 మిల్లీయాంపియర్ల ఔట్‌పుట్ పెట్టి, డిమాండ్ పద్ధతిలో (గుండె సొంతంగా కొట్టనప్పుడే పనిచేసేలా) పెట్టెను ఇప్పుడే ఆన్ చేయించండి. తీగ గోడను తాకిన క్షణమే మానిటర్ ఆ సంగతి చెబుతుంది.

తీగకు పుట్టుకతో ఒక వంపు ఉంటుంది. ఆ వంపు రోగి ఎడమ వైపు చూసేలా పట్టుకుని లోపలికి పంపాలి. తీగ మీద 10 సెంటీమీటర్లకోసారి గీతలుంటాయి. 20 గీత దగ్గరికి రాగానే, అంటే బెలూన్ షీత్ దాటిందన్న నమ్మకం కుదిరాక, గాలి ఊది తాళం వేయండి. షీత్ లోపలే ఊదితే బెలూన్ పగులుతుంది.

ఇక్కడి నుంచి తొందర పనికిరాదు. ఒక్కో సెంటీమీటరు పంపుతూ తెర చూడాలి. కుడి కర్ణికలో ముందు బెలూన్ కనిపిస్తుంది. గాలి కాబట్టి ముందువైపు మిలమిల మెరుస్తూ, వెనక నల్లటి నీడ చాచుకుని, రక్తప్రవాహంలో గాలపు బెండులా పైకీ కిందికీ ఊగుతుంది. ట్రైకస్పిడ్ కవాటం తెరుచుకున్నప్పుడల్లా దాని వైపు లాగబడుతుంది, మూసుకోగానే వెనక్కి తట్టబడుతుంది. రెండు మూడు ప్రయత్నాల తర్వాత ఒక్క ఊపులో లోపలికి జారుతుంది. అదే క్షణంలో మానిటర్ మీద వెడల్పాటి అదనపు స్పందనలు నాలుగైదు గబగబా వస్తాయి. ప్రోబ్ పట్టినవారు ‘దాటింది’ అని గట్టిగా చెప్పాలి, గొణగకూడదు.

దాటగానే గాలి దించండి. ఊది ఉంచితే ప్రవాహం దాన్ని మొన వైపు కాకుండా ఊపిరితిత్తుల ధమని వైపు పట్టుకుపోతుంది. గాలి దించాక నెమ్మదిగా మరో ఒకటి రెండు సెంటీమీటర్లు పంపి కొనను కుడి జఠరిక మొన దగ్గర గోడకు ఆనించాలి. ఆనిందంటే చాలు, పొడవక్కర్లేదు.

వెనక్కి లాగాల్సి వచ్చిన ప్రతిసారీ ముందు గాలి దించండి. ఊదిన బెలూన్‌ను కవాటం గుండా లాగితే కవాటం తెగే ప్రమాదం ఉంది. గుండె ఆగి సీపీఆర్ జరుగుతున్నప్పుడు ప్రవాహం దాదాపు ఉండదు కాబట్టి బెలూన్ తేలదు. అప్పుడు ఎకో చూస్తూ వంపు తిప్పి దారి చూపించాల్సిందే.

దారి తప్పితే

30 సెంటీమీటర్లు దాటినా కవాటం దాటలేదంటే తోయడం ఆపండి. ప్రోబ్‌ను నిలువు దృశ్యానికి తిప్పి చూస్తే, తీగ నేరుగా కింది మహాసిరలోకి దిగి కాలేయం వెనక మెరుస్తూ ఉండవచ్చు. లేదా కుడి కర్ణికలో రెండు మూడు తెల్లటి గీతలు అడ్డదిడ్డంగా కనిపిస్తే అది చుట్టుకుందన్నమాట. రెండు సందర్భాల్లోనూ గాలి దించి, 20 గీత దాకా తీసి, పావు చుట్టు తిప్పి మళ్లీ పంపండి.

కొనను పట్టుకోవడం

ఎకో చూపించేది సన్నటి పొర. బ్రెడ్డు ముక్కలో ఎండుద్రాక్ష సగం కనిపించినట్టు, ఆ పొరలో పడినంత మేరే తీగ కనిపిస్తుంది. గీత ఆగిపోయిన చోట తీగ ఆగిపోయిందని కాదు, మన పొర ఆగిపోయింది.

నా మొదటి రోజుల్లో ఒక పెద్దాయనకు తీగ వేశాను. కుడి జఠరికలో తెల్లటి గీత చక్కగా కనిపించింది, మొన దాకా వెళ్లినట్టే ఉంది. కానీ పేసింగ్ నాలుగు స్పందనలు పడితే రెండు తప్పిపోతోంది. ఔట్‌పుట్ పెంచాను, తీగ ఇంకా తోశాను. ఇంకా తప్పింది. మా సీనియర్ వచ్చి ప్రోబ్‌ను రొమ్ము పక్కకు మార్చి అడ్డుకోత చూశారు. తీగ కుడి జఠరికలో వంపు తిరిగి పైకి ఎక్కి ఊపిరితిత్తుల ధమనిలోకి వెళ్లిపోయింది. నేను మొన అనుకున్నది ఆ వంపు. తప్పు పూర్తిగా నాదే, ఒక్క దృశ్యాన్ని నమ్మాను.

అప్పటి నుంచి చేసే పద్ధతి ఇది. గీత కనిపించగానే ప్రోబ్‌ను చాలా నెమ్మదిగా ఒక వైపు వంచుతూ పోయి గీత మాయమయ్యేదాకా చూడండి. తిరిగి వచ్చి రెండో వైపు వంచండి. ఏ కోణంలో వంచినా గీత అంతకు మించి సాగని చోటే కొన. తర్వాత తీగ పట్టినవారిని అర సెంటీమీటరు ముందుకూ వెనక్కూ కదపమనండి. తీగ నడుమైతే గీత నిలువునా జారుతుంది, కొన అయితే చుక్క గోడను వదిలి మళ్లీ తాకుతుంది. మోడరేటర్ బ్యాండ్ అయితే ఏమీ కదలదు. చివరగా మరో కిటికీ నుంచి, రొమ్ము పక్క నుంచో మొన నుంచో, ఒకసారి చూసి నిర్ధారించుకోండి.

గుండె నిజంగా పట్టుకుందా

ప్రతి స్పైక్ (పెట్టె పంపిన విద్యుత్తు మానిటర్ మీద గీసే నిలువు గీత) వెనక వెడల్పాటి క్యూఆర్‌ఎస్, దాని వెనక టీ తరంగం ఉంటే విద్యుత్తు పట్టుకున్నట్టు. మానిటర్ ఒక్కదాన్నే నమ్మవద్దు, స్పైక్ కూడా కొన్నిసార్లు క్యూఆర్‌ఎస్‌లా కనిపిస్తుంది. వేలికి పెట్టిన ఆక్సిమీటర్ తరంగం స్పైక్‌తో సమానంగా లేస్తోందా చూడండి. ఎకోలో ప్రతి స్పైక్‌కూ ఎడమ జఠరిక ముడుచుకుని బృహద్ధమని కవాటం తెరుచుకోవడం కనిపిస్తే ఇక సందేహం ఉండదు.

పన్నెండు లీడుల ఈసీజీ తీయండి. కుడి జఠరిక మొన నుంచి పేస్ చేస్తే ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ రూపం, రెండు, మూడు, ఏవీఎఫ్ లీడుల్లో కిందికి చూసే క్యూఆర్‌ఎస్ ఉంటాయి. ఆ లీడుల్లో పైకి చూస్తుంటే కొన జఠరిక పైభాగంలో ఉందని అనుమానించాలి. కుడి బండిల్ రూపం వస్తే కొన కరోనరీ సైనస్‌లోకో (గుండె కండరం సొంత సిర), గుండె గోడ దాటో, కర్ణికల మధ్య రంధ్రం గుండా ఎడమ వైపుకో వెళ్లిందేమోనని మళ్లీ ఎకో పట్టాలి.

ఇప్పుడు ఔట్‌పుట్‌ను మెల్లగా తగ్గిస్తూ పట్టు తప్పే చోటు (థ్రెషోల్డ్) చూడండి. కొన కుదురుగా ఉంటే అది 1 మిల్లీయాంపియర్ లోపే ఉంటుంది. దానికి కనీసం మూడు రెట్లు పెట్టి వదలండి. సొంత లయ అసలు లేని రోగిలో ఈ పరీక్షను సాగదీయవద్దు. పట్టు తప్పిన మొదటి స్పందనకే పైకి తిప్పాలి.

కుట్టు వేశాక

తొడుగు తాళం బిగించి, షీత్‌ను కుట్టి, తీగను ఒక చుట్టు చుట్టి చర్మానికి అతికించండి. ఆ వెంటనే మళ్లీ గుండె చుట్టూ ద్రవం చూసి మొదటి క్లిప్‌తో పోల్చండి. లీనియర్ ప్రోబ్‌తో రెండు వైపులా ఊపిరితిత్తుల పొర జారుతోందా చూడండి, జారకపోతే గాలి చేరిందేమోనని వెతకాలి. ఎక్స్‌రే కూడా తీయించండి. గంట తర్వాత, ఆరు గంటల తర్వాత మరోసారి ఎకో పట్టడం నా అలవాటు.

తీగ గోడను దాటితే అది మొదట చెప్పేది పేసింగ్‌తోనే. పట్టు హఠాత్తుగా పోతుంది, లేదా స్పైక్‌తో పాటు పొట్ట పైభాగం ఎగిరెగిరి పడుతుంది, ఎక్కిళ్లు వస్తాయి. ద్రవం కొత్తగా కనిపించి, కుడి కర్ణిక, కుడి జఠరిక గోడలు లోపలికి కుంగుతూ, కింది మహాసిర ఉబ్బి ఊపిరితో మారకుండా ఉంటే అది టాంపొనేడ్, అంటే చుట్టూ చేరిన ద్రవం గుండెను నొక్కేయడం. తీగను తటాలున పీకవద్దు. ద్రవం తీసే సామాను సిద్ధం చేసుకుని, గుండె శస్త్రచికిత్స ఉన్న చోటుతో మాట్లాడుతూ ముందుకు వెళ్లాలి.

శాశ్వత పేస్‌మేకర్ విషయంలో ఎకో స్థానం వేరు. అక్కడ ఎక్స్‌రేదే రాజ్యం. గర్భిణులకు రేడియేషన్ తగ్గించడానికి ఎకో సాయంతో శాశ్వత లీడ్లు వేస్తారు. గదుల మధ్య గోడలోకి లీడ్ దించే కొత్త పద్ధతుల్లో గోడ మందం, లీడ్ ఎంత లోతుకు వెళ్లిందన్నది ఎకోలో చూసుకుంటారు.

రోగిని పెద్దాసుపత్రికి పంపుతుంటే, మంచం నుంచి స్ట్రెచర్‌కు మార్చాక ఒకసారి, అంబులెన్సులో పడుకోబెట్టాక మరోసారి పేసింగ్ పట్టు చూడండి. తీగలు కదిలేది ఎక్కువగా ఈ ఎత్తిపెట్టడాల్లోనే. పెట్టెను దిండు కింద దూర్చకుండా రోగి ఛాతీ పక్కన టేపుతో అతికించి, అదనపు బ్యాటరీ వెంట వెళ్లే సిస్టర్ జేబులో పెట్టండి. కేసు షీటు పై అంచున పెద్ద అక్షరాలతో ఇలా రాయండి: కుడి జుగ్యులర్, షీత్ దగ్గర గుర్తు 34 సెం.మీ., థ్రెషోల్డ్ 0.6, ఔట్‌పుట్ 3, రేటు 70, తీగ వేయకముందు ద్రవం లేదు, వేశాక లేదు, చివరగా ఎకో చూసిన సమయం తెల్లవారుజామున 4.10.